ఎక్కిన గేరులోనే దిగాల

మా చిన్నమామ కారు ఎక్కగానే చెప్పులు విడిచేవాడు. రెండు చెప్పులూ చేత్తో సీటు కిందికి తోసి, ఒట్టి కాళ్ళతో బండి నడిపేవాడు. కొండకు పోయే బండి కదా, భక్తి కొద్దీ అలా చేస్తున్నాడని యాత్రికులు అనుకునేవాళ్ళు. అది కొంత నిజమే. అసలు సంగతి నాకు తర్వాతెప్పుడో చెప్పాడు. "చెప్పులేసుకుంటే క్లచ్ యాడ పట్టుకుంటా ఉండాదో తెలీదురా అల్లుడూ. కాలి యేలికి తెలవాల."

అది 1986 ఎండాకాలం. నాకు పన్నెండేళ్ళు. మామ తెల్లారుజామున నాలుగింటికే తిరుపతి రైల్వే స్టేషను ముందు స్టాండులో తన తెల్ల అంబాసిడర్ పెట్టేవాడు. సెలవులు కాబట్టి నేనూ వెంట పోయేవాణ్ణి. ఆ కారులో ముందు సీటు బెంచీలాగా ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే. గేరు రాడ్డు స్టీరింగ్ పక్కన ఉండేది కాబట్టి మధ్యలో నాలాంటి పిల్లోడికి చోటు మిగిలేది. వెనక ఒక కుటుంబం, ముందు వాళ్ళ పెద్దాయన, ఆయనకూ మామకూ మధ్య నేను.

ఎక్కేది రెండో ఘాట్ రోడ్డులో, దిగేది మొదటి ఘాట్ రోడ్డులో. 1944లో తెరిచిన ఆ మొదటి రోడ్డు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి ప్రణాళిక అనీ, 1974లో రెండోది వచ్చేదాకా పైకీ కిందికీ అదొక్కటే దారి అనీ మామ ప్రతి ట్రిప్పులోనూ యాత్రికులకు చెప్పేవాడు. చెప్పేదంతా పైన జీఎన్‌సీ టోల్ గేటు దాకానే. దిగడం మొదలుపెడితే ఇక మాట్లాడేవాడు కాదు. వెనక నుంచి ఎవరన్నా ఏదన్నా అడిగినా మలుపు తిరిగాకే జవాబు.

దిగేటప్పుడు రెండో గేరు. ఇంజన్ మూలుగుతూ ఉండేది, బండి తన బరువును తానే పట్టుకుని మెల్లగా దిగేది. పెట్రోలు మిగులుతుందని కొందరు గేరు తీసేసి న్యూట్రల్‌లో వదిలేసేవాళ్ళు. అలాంటి బండి పక్క నుంచి పోతే కాలిన వాసన ముక్కుకు తగిలేది. "బ్రేకులు మాడతా ఉండాయి చూడు" అనేవాడు మామ. డ్రమ్ము బ్రేకులు వేడెక్కితే పట్టు వదిలేస్తాయి. కాలు అదిమే కొద్దీ పెడల్ కిందికి పోతుంది గానీ బండి ఆగదు. ఘాట్ మీద తిరిగే డ్రైవర్లందరికీ నోటికొచ్చిన మాట ఒకటుంది. ఎక్కిన గేరులోనే దిగాల. మామ దగ్గర నేను మొదట నేర్చుకున్నది ఇదే. ఇంటర్లో ఫిజిక్స్ సారు బోర్డు మీద అర ఎం వి స్క్వేర్ అని రాసి, వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుందని చెప్పిన రోజు నాకు ఆ కాలిన వాసనే గుర్తొచ్చింది. ఆ శక్తంతా ఎక్కడికో ఒక చోటికి పోవాలి కదా. ఇంజన్ పట్టకపోతే బ్రేకులు మోయాలి, బ్రేకులు మోయలేకపోతే ఇక లోయే.

పైకి ఎక్కేటప్పుడు ఇంజన్ గొంతు మారగానే మామ నావైపు చూడకుండానే అడిగేవాడు. "ఏమంటా ఉండాది బండి?"

"గేరు తగ్గించమంటా ఉండాది" అనేవాణ్ణి.

సరిగ్గా చెప్తే తల ఊపేవాడు. తప్పు చెప్తే ఏమీ అనేవాడు కాదు, గేరు మాత్రం తను అనుకున్నదే వేసేవాడు.

అట్లాంటి పిల్లవాడికి స్పోర్ట్స్ కార్ల పిచ్చి పట్టుకుంది. రేణిగుంట రోడ్డులో మామ బండి రిపేరుకు వదిలే షెడ్డులో గ్రీజు చేతుల మరకల మధ్య ఒక పోస్టర్ ఉండేది. తెల్లటి లంబోర్గిని కౌంటాక్, తలుపులు రెండూ రెక్కల్లా పైకి లేచి ఉంటాయి. టప్పెట్లు సరిచేసేంత సేపూ నేను దాని ముందు నుంచి కదిలేవాణ్ణి కాదు. తర్వాత గోవిందరాజస్వామి గుడి దగ్గర పేవ్‌మెంటు మీద అలాంటి పోస్టరే దొరికితే కొనుక్కొచ్చి, ఇంట్లో వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ పక్కన అంటించాను. అమ్మ దాన్ని రెండు మూరలు కిందికి దింపి అంటించమంది. దేవుడి పటంతో సమానంగా ఉండకూడదని.

మద్రాసుకు పోయినప్పుడల్లా పాత పుస్తకాల అంగళ్ళలో ఇంగ్లండు నుంచి వచ్చిన కార్ల పత్రికలు వెతికేవాణ్ణి. పొద్దున రైల్లో పోయి సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఒళ్ళో ఆ కట్ట పెట్టుకుని ఒక్కో పేజీ చదవడం ఆ రోజుల్లో నాకున్న పెద్ద సుఖం. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేవాణ్ణి. ఫెరుచియో లంబోర్గిని రైతుబిడ్డ అనీ, 1948లో ట్రాక్టర్లతో మొదలుపెట్టి 1963లో కార్ల కంపెనీ పెట్టాడనీ తెలిసినప్పుడు, మా పాకాల వైపు చెరకు తోటల్లో ట్రాక్టర్ కనబడితే చాలు, దాన్ని చూసే చూపే మారిపోయింది. అయితే ఆ పత్రికల్లోనే ఇంకో సంగతి కూడా చదివాను. కౌంటాక్‌లో కూర్చుంటే వెనక ఏమీ కనబడదట. రివర్స్ తియ్యాలంటే తలుపు పైకి లేపి, గడప మీద కూర్చుని, తల బయటపెట్టి వెనక్కి చూస్తూ నడపాలట. క్లచ్ రాయిలాగా ఉంటుందట. 1974లో వచ్చిన మొదటి మోడల్లోనే 12 సిలిండర్లు, 375 హార్స్ పవర్. అంత బండి ఇంట్లోంచి బయటికి రావడానికి ఇన్ని అవస్థలా అని బాధేసింది. ఎవరో మన ఇంట్లో మనిషిని తక్కువ చేసి మాట్లాడినట్టు అనిపించింది.

పోస్టర్ మాత్రం తీసెయ్యలేదు. ఇప్పటికీ ఆ గీత అందమైందనే అంటాను. ఒక మనిషి చేత్తో గీసిన ఆకారం ప్రపంచంలో ఏ మూలో ఉన్న పిల్లవాడి నిద్ర చెడగొట్టిందంటే అది చిన్న విషయం కాదు. అందాన్ని అందంగా ఒప్పుకోవాలి. కాకపోతే చూడ్డానికి చేసిన కారు వేరు, నడపడానికి చేసిన కారు వేరు అన్న తేడా నాకు అప్పుడే తెలిసింది.

ఆ తేడా చెవులతో విన్నది మాత్రం శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో. 1990లో అక్కడ రేస్ ట్రాక్ తెరిచారు. మనకు దగ్గరే, పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా పోవచ్చు. 90ల మధ్యలో నలుగురం స్నేహితులం బస్సులు మారి పోయాం. ఎండ మాడ్చేస్తోంది, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు వేడెక్కిపోయాయి. పెద్ద బళ్ళు వచ్చాయి, పోయాయి. ఆ తర్వాత ఫార్ములా మారుతి రేసు. ఒకరే కూర్చునే సన్నటి బళ్ళు, చక్రాలన్నీ బయటికే ఉంటాయి. లోపల ఉన్నది మారుతి 800లో ఉండే అదే మూడు సిలిండర్ల ఇంజన్. మన వీధిలో డాక్టరు గారి కారులో తుమ్మినట్టు స్టార్టయ్యే ఇంజన్, అక్కడ గొంతు చించుకుని పాడుతోంది. పది బళ్ళు ఒకదాని తోకలో ఒకటి దూరి మలుపులోకి వచ్చాయి. ఏ బండికీ ఎక్కువ శక్తి లేదు కాబట్టి ఎవరు ఎంత ఆలస్యంగా బ్రేకు తొక్కారు, ఎవరు గేరు ఎప్పుడు వేశారు అన్నదే లెక్క. నాకు మామ కాలి వేళ్ళు గుర్తొచ్చాయి. కోయంబత్తూరు కుర్రాడు నరేన్ కార్తికేయన్ మొదలుపెట్టింది కూడా ఈ ఫార్ములా మారుతిలోనే. అక్కణ్ణుంచి 2005లో ఫార్ములా వన్‌కు పోయాడు, ఆ గీత దాటిన మొదటి భారతీయుడు. ఆ ఏడాది ఇండియానాపోలిస్‌లో టైర్ల గొడవతో ఆరు కార్లే పరుగెత్తిన రేసులో నాలుగో స్థానంలో వచ్చి 5 పాయింట్లు తెచ్చాడు. ఆ రాత్రి నేను టీవీ ముందు లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఆరు కార్లే కదా అని మరుసటి రోజు ఆఫీసులో ఒకాయన అంటే గట్టిగా వాదించాను కూడా. మిగతా కార్లు లేకపోవడం ఆ కుర్రాడి తప్పు కాదు.

ఫెరారీ మా ఊళ్ళో ఇంటింటి మాట అయింది 2002లో. సచిన్ బ్రాడ్‌మన్ 29 టెస్టు సెంచరీలను అందుకున్నందుకు సిల్వర్‌స్టోన్‌లో ఫార్ములా వన్ ఛాంపియన్ షూమాకర్ చేతుల మీదుగా ఫెరారీ 360 మోడెనా ఇచ్చారు. లీలామహల్ సర్కిల్ దగ్గర మేం టీ తాగే అంగట్లో వారం రోజులు అదే చర్చ. టీ మాస్టరు అడిగాడు. "సార్, అది లీటరుకు ఎంత ఇస్తాదంట?" అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. రోజూ పొద్దున పాల క్యాన్లు తెచ్చే మోపెడ్‌లో పెట్రోలు కొలిచి పోసుకునే మనిషికి ముందు రావాల్సిన ప్రశ్న అదే. బండి అన్నది అతని బతుకులో ఒక భాగం, అందుకే అలా అడిగాడు.

2004లో నేను మారుతి 800 కొన్నాను. బ్యాంకులో పదేళ్ళ ఉద్యోగం, కొంత లోను, నాన్న ఇచ్చిన కొంత డబ్బు. రెండు లక్షల పైచిలుకు అయింది. తెల్లది, ఏపీ 03 నంబరు. కాణిపాకం తీసుకుపోయి పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి కదిలించాం. ఆ నిమ్మకాయ చితికిన చిన్న చప్పుడు, అడుగున టప్పున తగిలిన ఆ కదలిక, స్టీరింగ్‌లోంచి నా అరచేతికి వచ్చింది. అంబాసిడర్‌లో ఇది తెలిసేది కాదు. 796 సీసీ ఇంజన్, 40 హార్స్ పవర్ కూడా లేదు, బరువు దాదాపు 650 కిలోలు. కింద రాయి ఉంటే చెప్తుంది, ఇసుక ఉంటే చెప్తుంది, టైరులో గాలి తగ్గితే చెప్తుంది. మామ ఒకసారి నడిపి చూసి, చెప్పులు మళ్ళీ వేసుకుంటూ "మాటకారి బండి" అన్నాడు.

ఆ కారులో ఏమేం మోశామో రాయమంటే రాత్రి సరిపోదు. జూన్‌లో దామలచెరువు పోయి బేనిషా మామిడి పళ్ళు వెనక సీటు నిండా వేసుకొస్తే పదిహేను రోజులు కారులో అదే వాసన. గ్యాస్ సిలిండర్లు, అక్క కూతురి పెళ్ళికి అరటి గెలలు, చెల్లెలు హాస్టల్ ఖాళీ చేసినప్పటి పరుపు. పాకాల, పుత్తూరు, చిత్తూరు, ఎక్కడికి ట్రాన్స్‌ఫర్ అయితే అక్కడికి రోజూ పోయి వచ్చేవాణ్ణి. చంద్రగిరి దగ్గర కోట కొండ మీద పొద్దుటి ఎండ పడుతుంటే కిటికీ దించుకుని మూడో గేరులో కొంచెం లాగేవాణ్ణి. 70లో పోతున్నా చాలా వేగంగా పోతున్నట్టుండేది. బండి చేయగలిగిందంతా చేస్తోంది, నేను చేయగలిగిందంతా నేను చేస్తున్నాను.

2005లో పాప పుట్టింది. ఆస్పత్రి నుంచి ఇంటికి నాలుగు కిలోమీటర్లు కూడా లేదు. వెనక మా ఆవిడ, ఒళ్ళో మూడు రోజుల బిడ్డ, పక్కన అత్తమ్మ. అప్పుడు నేనూ చెప్పులు విడిచాను. ముందు నడిపిన పద్ధతి వేరు, ఆ రోజు వేరు. ప్రతి గుంతకూ ముందే కాలు తీసి, బ్రేకు చివర్లో వేలు వదులు చేసి, బండి ఆగిందని తెలియకుండా ఆపాలి. గంటకు ముప్పై కూడా దాటలేదు. ఇంటి ముందు ఆపి చూసుకుంటే చొక్కా తడిసిపోయింది. నేను నడిపినవాటిలో అంత గట్టిగా మనసు పెట్టి నడిపింది ఇంకొకటి లేదు.

ఇక ఎర్ర కారు సంగతి. మా ఇంటర్ క్లాస్‌మేట్ ఒకడు చిత్తూరులో గ్రానైట్ వ్యాపారంలో బాగా పైకొచ్చాడు. 2018లో ఇటలీ స్పోర్ట్స్ కారు కొన్నాడు, ఎర్రటిది. బయటి దేశం నుంచి తెప్పించే బండికి అప్పట్లో సుంకాలతోనే ధర రెట్టింపు దాటిపోయేది. "రా మచ్చా, నువ్వు నడపకపోతే ఎవరు నడపాల" అని ఫోన్ చేశాడు. ఎగురుకుంటూ పోయాను. నలభై నాలుగేళ్ళ వయసులో రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున ఆరింటికే బయల్దేరినా వీధి చివరికి పోవడానికి అరగంట. జనం మూగారు, సెల్ఫీలు. పూతలపట్టు వైపు తిరిగాక ఒక స్కూలు ముందు స్పీడ్ బ్రేకర్. మేమిద్దరం దిగి చూశాం. అడ్డంగా తిప్పి, ఒక్కో చక్రం ఎక్కించి, చీమ నడకన దాటిస్తున్నాం. అయినా గర్రుమని అడుగు గీసుకుంది. వాడి మొహం చూడలేకపోయాను. అంత డబ్బు పోసి, అంత ప్రేమతో కొనుక్కున్న బండి. ఎవరి తప్పూ లేదు. ఆ బండి పుట్టిన రోడ్లు వేరు, ఈ రోడ్డు వేరు.

హైవే మీద ఖాళీ దొరికాక నాకిచ్చాడు. ఆ చప్పుడు గురించి అబద్ధం చెప్పను. వీపు వెనక ఇంజన్ ఎనిమిది వేల ఆర్‌పీఎంకు ఎక్కుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పన్నెండేళ్ళప్పుడు ఆ షెడ్డులో నిలబడ్డ పిల్లవాడు అక్కడే ఉన్నాడని తెలిసింది. కానీ నాలుగు లైన్ల హైవేలో కార్లకు అనుమతించిన 100ను అది రెండో గేరులోనే దాటేసింది. మిగతా గేర్లన్నీ అలాగే ఉన్నాయి. నేను ఏ పనీ చేయకముందే అన్నీ అయిపోయాయి. కాలు కొంచెం ఆనిస్తే చాలు, ముందున్న మామిడికాయల లారీ ముందద్దం నిండా వచ్చేసింది. బ్రేకు తొక్కాను, అంతే. పది నిమిషాల్లో దాని బలాన్ని వాడగలిగింది ఇరవై సెకన్లు. మిగతా సేపంతా ఎక్కడ గుంత ఉందో, ఎవరు అడ్డం వస్తారో అని టెన్షన్. దిగేటప్పుడు వాణ్ణి కావలించుకుని థాంక్స్ చెప్పాను, అది మనసులోంచే వచ్చింది. తిరిగి 800లో తిరుపతి వస్తుంటే చంద్రగిరి ముందు మలుపులో మూడో గేరు వేసి లాగినప్పుడు పొద్దున వెతికింది దొరికింది.

ఇప్పుడు కార్ల గురించి ఎక్కడ మాట్లాడినా అంకెలే. సున్నా నుంచి 100 మూడు సెకన్లు, ఇంకోటి రెండున్నర. సెకను తగ్గిన కొద్దీ మోత పెరుగుతుంది. రెండున్నర సెకన్లలో మనిషి చేసే పని ఏముంటుంది? కాలు అదిమి పట్టుకోవడం తప్ప. హార్స్ పవర్ పెంచుతారు, దాన్ని మోయడానికి టైర్లు వెడల్పు చేస్తారు, బ్రేకులు పెద్దవి చేస్తారు, బరువు ఒకటిన్నర టన్ను దాటుతుంది, ఆ బరువును లాగడానికి మళ్ళీ పవర్ పెంచుతారు. ఈ గోలలో నడిపేవాడిని మర్చిపోతున్నారని నా బాధ. అందుకే నేను ఒక్కసారి కూడా నడపని మాజ్డా మియాటా మీద నాకు అంత గౌరవం. 1989లో వచ్చింది, రెండు సీట్లు, వెయ్యి కిలోల లోపు బరువు, 115 హార్స్ పవర్ చుట్టుపక్కల. గుర్రమూ రౌతూ ఒకే ఒళ్ళుగా ఉండాలన్న జపాను మాటను ముందు పెట్టుకుని చేశారు దాన్ని. 2016కల్లా పది లక్షలు తయారయ్యాయి. మన దేశంలో అమ్మలేదు. అమ్మి ఉంటే ఆ రెండు సీట్లలో బేనిషా బుట్టలు ఎక్కడ పెట్టేవాణ్ణో తెలీదు గానీ, ఇల్లు తాకట్టు పెట్టైనా కొనేవాణ్ణేమో.

మా ఘాట్ రోడ్డుకు ఇప్పుడు టైము లెక్క ఉంది. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40. బయల్దేరే చోట టైము నమోదవుతుంది, అంతకన్నా ముందు చేరితే జరిమానా. తొందరగా వచ్చినందుకు డబ్బు కట్టించే రోడ్డు ఇంకెక్కడన్నా ఉందేమో గానీ, నాకు మాత్రం ఇదే ప్రపంచంలో మంచి డ్రైవింగ్ రోడ్డు. వేగం పక్కన పెట్టేస్తే మిగిలేది మలుపు, గేరు, చెయ్యి. ఈమధ్య పెద్ద కార్ల వాళ్ళు కొండ దిగి అలిపిరి ముందు టైము నిండడం కోసం పక్కన ఆపుకుని ఫోను చూసుకుంటూ కూర్చోవడం చూస్తుంటాను. ఆ ఐదు నిమిషాలేవో పైన మలుపుల్లో వాడుకోవచ్చు కదా అనిపిస్తుంది.

మామ పోయి పద్నాలుగేళ్ళయింది. కారుకు రెండుసార్లు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాను, ఇంజన్ పని ఒకసారి చేయించాను. బ్యాటరీ మాత్రం ఎప్పుడూ మా కరకంబాడి అమరానే. మా పక్కన తయారయ్యేది ఇంకెక్కడో కొనడం ఎందుకు.

పోయిన కార్తీకంలో పాప తొలిసారి ఘాట్ దింపింది. ఇరవై ఏళ్ళు, లైసెన్స్ వచ్చి రెండేళ్ళు. దారిలో అక్కగార్ల గుడి దగ్గర ఆపి కొబ్బరికాయ కొట్టాం. మళ్ళీ సీట్లో కూర్చుని తనంతట తనే చెప్పులు విడిచి వెనక్కి తోసింది. నేను చెప్పలేదు, చిన్నప్పటి నుంచి చూస్తోంది కదా. రెండో గేరులో ఇంజన్ మూలుగుతోంది. వెనక ఎవరో హారన్ కొట్టారు, దారిచ్చింది. నాలుగు మలుపులు దాటాక కొంచెం చదునుగా వచ్చింది.

"నాన్నా, మూడు వెయ్యనా?"

"ఏమంటా ఉంది బండి?"

కిటికీ దించి కాసేపు విన్నది. "వద్దంటా ఉంది" అని, గేరు రాడ్డు మీది చెయ్యి తీసి మళ్ళీ స్టీరింగ్ మీద పెట్టుకుంది.

అలిపిరి చేరేసరికి 47 నిమిషాలైంది.